లిదియా పేరు మీద గురిగి

హైదరాబాద్,
20 ఫిబ్రవరి 1995

పెద్దమ్మకు లిదియా వందనాలు.

నేను బాగున్నాను. నువ్వు, నీ కుట్టు మిషను, పక్క హోటల్ మొగులప్ప మామ బాగున్నారని తలుస్తాను. పోయిన ఉత్తరంలో "షాపు ఎట్లుంటది, నువ్వేం పని జేస్తున్నవ్, అన్నీ రాయవేంది" అని తిట్టావు. అందుకే ఈసారి కాగితానికి రెండు వైపులా నింపుతున్నాను.

మా బట్టల షోరూం ముందు భాగమంతా అద్దమే. అద్దం వెనక ఆడబొమ్మలు నిలబడి ఉంటాయి. వారం వారం వాటికి కొత్త డ్రెస్సులు తొడిగే పని నాది. నువ్వు చిన్నప్పటి నుంచి సూది దారం చేతికిచ్చి నేర్పావు కాబట్టి నాకు ఈ పని ఇట్టే వచ్చేసింది. "ఖేడ్ పిల్ల చేతిలో పనితనం ఉంది" అని ఓనరమ్మ మెచ్చుకున్నది. ఆ మెప్పు నీదే. అమ్మ పోయిన తర్వాత నన్ను తీసుకొచ్చి నీ మిషను పక్కన కూర్చోబెట్టుకోకపోతే ఇవాళ నాకు ఏ పని ఉండేది?

హాస్టల్‌లో టీవీ ఉంది. పోయిన ఏడాది మన దేశపు అమ్మాయిలు అందాల కిరీటాలు తెచ్చుకున్నప్పటి నుంచి ఇక్కడ అందరికీ అదే ముచ్చట. ఏం తింటే నడుము సన్నబడుతుందో వారపత్రికల్లో వస్తుంది. కత్తిరించి మంచం పక్క గోడకు అంటిస్తారు. నేను కూడా ఒకటి అంటించాను.

ఇంకో సంగతి. దసరాకు మా షోరూం ప్రకటన పేపర్లో పెద్దగా వేస్తారట. బయటి మోడళ్లు వద్దు, మన షాపు పిల్లల్లోంచే ముగ్గురిని తీసుకుందాం అన్నది ఓనరమ్మ. "బొమ్మ మీది డ్రెస్సు ఎవరికి సరిపోతే వాళ్లే" అని నవ్వింది. ఆమె నవ్వుతూ అన్నదే గానీ, ఆ మధ్యాహ్నం మా పిల్లలెవరూ టిఫిన్ డబ్బా పూర్తిగా తినలేదు.

వచ్చే బుధవారం నుంచి ఈస్టర్ దాకా శ్రమకాలం కదా. ఈసారి నేను కూడా ఉపవాసం పట్టాలనుకుంటున్నాను. ఈస్టర్‌కు డ్రెస్సు కుట్టి పంపుతావా? కొలతకు ఆది డ్రెస్సు తర్వాత పంపుతాను.

నీ
లిదియా


నారాయణఖేడ్,
6 మార్చి 1995

బిడ్డ లిదియాకు హన్నమ్మ దీవెనలు.

ఉత్తరం అంది నాలుగు రోజులైంది. ఉగాది జాకెట్లు మీద పడ్డాయి, అందుకే ఆలస్యం. నేను పుస్తకాల తెలుగులో రాస్తున్నానని నవ్వకు. ఉత్తరం రాసేటప్పుడు నోటికొచ్చినట్టు రాయకూడదని మిషన్ బడిలో టీచరమ్మ వేళ్ల మీద కొట్టి నేర్పింది. ఆ వేళ్లే ఇప్పుడు మీ అందరికీ బట్టలు కుడుతున్నాయి కాబట్టి ఆమెను ఏమీ అనను.

నువ్వు ఉపవాసం పడుతున్నావని చదివి నాకు కళ్లల్లో నీళ్లు వచ్చాయి. చిన్నప్పుడు మంచి శుక్రవారం నాడు కూడా గుడి వెనక్కి పోయి బెల్లం ముక్క నమిలిన పిల్లవు నువ్వు. పట్నం పోతే పిల్లలు దేవుణ్ని మరుస్తారని అందరూ నన్ను భయపెట్టారు. ఆదివారం స్త్రీల కూటంలో నిలబడి నీ ఉత్తరం సంగతి చెప్పాను. పాస్టర్ ప్రేమదాసు అయ్యగారు "హన్నమ్మా, నీ పెంపకం ఊరికే పోలేదు" అన్నాడు. నాకు ఇంకేం కావాలి.

మన ఇంటి పద్ధతి నీకు గుర్తుంది కదా. ఉపవాసమున్న మనిషి తినని తిండి దేవునిది. మా అమ్మ నా పేరు మీద గురిగి పెట్టేది. నేను నీ పేరు మీద పెట్టాను. పిండి పట్టించడానికి గిర్నికి జొన్నలు తీసినప్పుడల్లా నీ వంతు పిడికిలి ఆ మట్టి గురిగిలో వేస్తున్నాను. ఈస్టర్ రోజు గుడిలో ఇస్తాను. బీదసాదలు తింటారు, పుణ్యం నీకు.

ఉపవాసమున్నా ఆదివారం తినాలి. అది మరవకు. బొమ్మల సంగతి రాశావు. నేను కుట్టిన జాకెట్ ఏ బొమ్మకూ సరిపోదు, ఎందుకంటే నా దగ్గరికి వచ్చేవాళ్లందరూ ఊపిరి పీలుస్తారు.

మీ
పెద్దమ్మ


హైదరాబాద్,
25 మార్చి 1995

పెద్దమ్మా, వందనాలు.

నీ ఉత్తరం చదివి సిగ్గేసింది. కూటంలో ఎందుకు చెప్పావు? నేను అంత భక్తిపరురాలిని కాదు. గురిగి సంగతి మాత్రం రెండుసార్లు చదివాను. నా కోసం ఎవరూ ఇంతగా ఆలోచించరు. నీకు వేయి వందనాలు.

పని బాగానే ఉంది. ఇక్కడ అందరూ నేను సన్నబడ్డానని మెచ్చుకుంటున్నారు. "ఏం చేస్తున్నవే, మాకు గూడ చెప్పు" అని అడుగుతారు. ఉపవాసం అంటే "మంచి ఉపాయం" అని నవ్వుతారు. ఖేడ్‌లో నన్ను ఎవరూ అందగత్తె అనలేదు పెద్దమ్మా. ఇక్కడ అంటున్నారు.

ఖేడ్ బస్సు కండక్టర్ చేతికి ఆది డ్రెస్సు ఇచ్చి పంపాను. ఆ కొలతకే కుట్టు, వదులు పెట్టకు.

లిదియా


నారాయణఖేడ్,
10 ఏప్రిల్ 1995

బిడ్డా,

కండక్టర్ మూట తెచ్చి ఇచ్చాడు. విప్పి చూస్తే నవ్వొచ్చింది. నీ పని తొందరలో ఎవరి డ్రెస్సో పంపావు, లేకపోతే బడికి పోయేటప్పటిది పంపావు. ఛాతీ కొలత చూస్తే పరికిణీ పిల్లది. క్రిస్మస్‌కు నేను కుట్టినప్పటి కొలత నాకు కంఠస్థమే కాబట్టి దాని ప్రకారం కత్తిరించాను. పసుపు మీద చిన్న ఆకుపచ్చ పూలు, నీకు నచ్చిన రంగే. కండక్టర్ ఇవాళే తెస్తాడు.

నిన్ను అందగత్తె అనలేదని ఖేడ్ మీద నేరం మోపావు. నీ మొహంలో మీ అమ్మ పోలిక ఉంది. మీ అమ్మ సంతకు వస్తే కల్హేర్ వ్యాపారులు తూకం మరిచిపోయేవాళ్లు. ఆ మాట నీకు చెప్తే నెత్తికెక్కుతుందని చెప్పలేదు. చెప్పవలసింది.

పెద్దమ్మ


హైదరాబాద్,
28 ఏప్రిల్ 1995

పెద్దమ్మా,

డ్రెస్సు చాలా బాగుంది. కాస్త వదులైంది, పక్కల నేనే కుట్టు వేసి పట్టాను. ఈస్టర్ ఆరాధనలో అందరూ ఎవరు కుట్టారని అడిగారు. గర్వంగా చెప్పాను.

పండుగ అయింది గానీ నేను ఉపవాసం ఆపలేదు. దసరా వరకు మొక్కుకున్నాను. ఈ ప్రకటనలో నేను వస్తే నా ఉద్యోగం పక్కా అవుతుందని ఓనరమ్మ అన్నది. నా కోసం ప్రార్థన చేయి.

లిదియా


నారాయణఖేడ్,
9 మే 1995

బిడ్డ లిదియాకు,

ఈస్టర్ రోజు నీ గురిగి గుడిలో ఇచ్చాను. అయ్యగారు నీ పేరు చదివి వందనం చెప్పాడు. మనూర్ నుంచి వచ్చిన ముసలామెకు ఆ జొన్నలు అందాయి. ఆమె నీ పేరు రెండుసార్లు అడిగి నేర్చుకుని పోయింది.

దసరా దాకా మొక్కు అంటే పెద్దదే. ఉద్యోగం కోసం కొత్త నిబంధనలు పెట్టి దేవుణ్ని ఇరుకున పెడుతున్నావని నాకు కొంచెం అనుమానం. అయినా మొక్కావు కాబట్టి నేను వద్దనను. గురిగి మళ్లీ మొదలుపెట్టాను. ఒక పిల్ల అంత దూరాన ఆకలితో ఉంటే నేను ఇక్కడ కడుపు నిండా ఎట్లా తినాలి? ఇంట్లో ఒకరు ఉపవాసముంటే రెండోవారు తోడుండాలని మా అమ్మ అనేది. నేను రెండు పూటలూ ఒక్కొక్క రొట్టె మానేశాను. నువ్వు మొక్కు తీర్చుకునే రోజే ఇద్దరం కలిసి తిందాం.

పెద్దమ్మ


హైదరాబాద్,
2 జూలై 1995

పెద్దమ్మా,

నీకు దండం పెడతాను, నువ్వు తిను. నా మొక్కు నాది. ఎండల్లో రోజంతా మిషను తొక్కేదానివి, నీకు రొట్టెలు మానేసే పని ఏముంది? ఈ ఉత్తరం చూడగానే తినాలి. ఒట్టు.

నాకు ఏమీ లేదు. పట్నం నీళ్లకు జుట్టు కొంచెం రాలుతున్నది, అంతే. ఒకసారి షాపు మెట్ల మీద కళ్లు తిరిగాయి. ఎండకు అందరికీ తిరుగుతాయి.

దసరా రోజు పేపరు తప్పకుండా చూడు. ఎందుకో ఇప్పుడు చెప్పను.

లిదియా


నారాయణఖేడ్,
4 అక్టోబర్ 1995

బిడ్డా,

జూలైలో నువ్వు వేసిన ఒట్టు గట్టున పెట్టాను, తిట్టుకోకు. నువ్వెంత వద్దంటే నాకు నీ మీద అంత గౌరవం పెరిగింది. తను పస్తుండి పెద్దమ్మను తినమంటున్నది పిల్ల అనుకున్నాను. కానీ పోయిన వారం మిషను మీదే తల వాల్చాను. మొగులప్ప పరుగెత్తుకొచ్చి మొహం మీద నీళ్లు కొట్టి, "హన్నమ్మక్కా, నీ దేవుడు నిన్ను సంపుమన్నడా? గీ వయసుల ఉపాసమేంది?" అని బజారు వినేటట్టు అరిచాడు. చక్కెర చాయ్ తాగించి గానీ వదల్లేదు. నువ్వు పరేషాన్ కాకు, ఇప్పుడు బాగున్నాను.

నిన్న దసరా. నువ్వు చెప్పినట్టే మొదటి బస్సుకు పేపరు రాగానే హోటల్‌కు పోయాను. మీ షోరూం ప్రకటన సగం పేజీ ఉంది. రంగుల్లో వేశారు. ఎంత వెతికినా నువ్వు లేవు. ముందు నిన్ను అనుకుని చివరికి వేరే పిల్లను పెట్టుకున్నారేమో. బాధపడకు బిడ్డా. ఫోటోలో పడకపోతే మనిషికి ఏం తక్కువ కాదు.

నాకు మాత్రం ఆ ఫోటోలో నడుమ ఉన్న పిల్ల మీద మనసు పోయింది. పక్కన ఇద్దరూ నవ్వుతున్నారు. ఈ పిల్లకు మెడ కింద ఎముకలు పైకి తేలాయి. చెంపలకు రంగు పూశారు గానీ కళ్లు లోపలికి పోయాయి. మొగులప్ప కూడా చూసి, "పాపం, గీ పిల్లకేం బీమారో. దవాఖానల ఉండాల్సినామెను నిలబెట్టి ఫోటో తీసిండ్రు" అన్నాడు. ఎవరి బిడ్డో. తల్లి ఉందో లేదో. నువ్వు ఆమెతో పనిచేస్తావు కదా, ఒక మాట అడుగు, ఏమన్నా తిన్నదా అని. నేను పేపరు ముక్క కత్తిరించి బైబిల్లో పెట్టుకున్నాను. ఆ పిల్ల కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను.

నీ మొక్కు నిన్నటితో అయిపోయింది. ఇగ తిను.

పెద్దమ్మ


హైదరాబాద్,
9 అక్టోబర్ 1995

పెద్దమ్మా,

నడుమ ఉన్న పిల్ల నేనే.

నీ ఉత్తరం పొద్దున అందింది. షాపుకు పోకుండా మంచం మీద కూర్చుని మళ్లీ మళ్లీ చదివాను. నన్ను పెంచిన మనిషి నన్ను గుర్తుపట్టలేదు. నీ తప్పు కాదు. నా కోసమే అని తెలియకుండా నా కోసం ప్రార్థన చేశావు.

మొక్కు లేదు, ఉపవాసం లేదు. శ్రమకాలం మొదట్లో కొంచెం దేవుని కోసమే అనుకున్నాను, ఆ మాట కూడా నిజమో కాదో ఇప్పుడు తెలియదు. బొమ్మ మీది డ్రెస్సు నాకు సరిపోవాలి, అంతే. మొదట నేనే తినడం మానేశాను. తర్వాత తిందామని కలిపిన ముద్ద మళ్లీ పళ్లెంలోనే పెట్టేదాన్ని. ఇప్పుడు పళ్లెం చూస్తే భయం. ఒక ముద్ద తిన్నా అద్దం దగ్గరికి పోయి చూసుకుంటాను. అద్దంలో ఇంకా లావుగానే కనిపిస్తాను. నువ్వు చూసిన ఎముకలు నాకు కనిపించవు పెద్దమ్మా. నీ ఉత్తరంలో చదివిన తర్వాత చేతితో తడిమి చూసుకున్నాను. ఉన్నాయి.

ఇంకో మాట ఎవరికీ చెప్పలేదు. ఆ బొమ్మలకు కూడా ఏ డ్రెస్సూ సరిపోదు. వదులంతా వీపు వెనక్కి లాగి గుండుసూదులు పెడతాం. ముందు నుంచి చూసేవాళ్లకు తెలియదు. పెట్టేది నేనే. వారం వారం నా చేతులతో ఆ సూదులు గుచ్చుతూ కూడా, ఆ బొమ్మలా ఎందుకు లేనని ఏడ్చాను. ఫోటో రోజు డ్రెస్సు నా ఒంటి మీద వేలాడింది. అప్పుడు ఫోటో తీసే అతను నా వెనక కూడా సూదులు పెట్టించాడు.

నా అబద్ధానికి నువ్వు పస్తులున్నావు. ఆకలికి మిషను మీద పడిపోయావు. తిను పెద్దమ్మా. నాకు ఎట్లా తినాలో తెలియడం లేదు. నాకు భయంగా ఉంది.

లిదియా


నారాయణఖేడ్,
12 అక్టోబర్ 1995

బిడ్డా,

ఈ కార్డు నీకు అందేలోపు నేనే వస్తాను. అయినా రాస్తున్నాను, బస్సు వచ్చేదాకా చేతులు ఊరికే ఉండడం లేదు. మిషను మీద గుడ్డ కప్పి తాళం మొగులప్పకు ఇచ్చాను. నేను పొద్దున రెండు రొట్టెలు తిన్నాను. నిన్ను తిట్టను.

పెద్దమ్మ


హైదరాబాద్,
20 నవంబర్ 1995

పెద్దమ్మకు నీ లిదియా మనసారా చేసే వందనాలు.

నువ్వు ఊరికి పోయి వారమైంది. హాస్టల్ గదిలో నీ కొబ్బరినూనె వాసన ఇంకా పోలేదు.

దవాఖానలో మొదటి రోజు నాకు సరిగా గుర్తు లేదు. సెలైన్ ఎక్కుతుంటే నువ్వు నా కాళ్ల దగ్గర కూర్చుని ఎవరిదో చిరిగిన దిండు గలీబు కుడుతున్నది మాత్రం గుర్తుంది. డాక్టరమ్మ నిన్ను పక్కకు పిలిచి మాట్లాడిన సంగతి నర్సు చెప్పింది. "మా పిల్ల పొగరుతోటి తింటలేదా అమ్మా?" అని నువ్వు అడిగావట. పొగరు కాదు, ఇది జబ్బు, బతిమాలినా బెదిరించినా పోదు, మెల్లగా నయమవుతుంది అని ఆమె చెప్పిందట. ఆ మాట విని నువ్వు వరండాలో ఏడ్చావట. తర్వాత లోపలికి వచ్చి నాతో ఖేడ్‌కు వచ్చే కర్ణాటక బస్సుల సంగతి మాట్లాడావు. అప్పుడు నీ మీద కోపం వచ్చింది. ఇప్పుడు అర్థమైంది. నేను మింగుతున్నానా లేదా అని చూడకుండా ఉండడానికి నువ్వు ఎంత కష్టపడ్డావో.

ఓనరమ్మ మళ్లీ వచ్చింది. నవ్వులాటకు అన్న మాట ఇంత దూరం పోతుందనుకోలేదని చాలాసేపు కూర్చుంది. ఆ ఫోటోను షోరూంలోంచి తీయించింది. కుదుటపడిన తర్వాత లోపల కుట్టు గదిలో పని ఇస్తానన్నది. ఒప్పుకున్నాను. అక్కడ పెద్ద అద్దాలు లేవు.

వారానికోసారి డాక్టరమ్మ దగ్గరికి పోతున్నాను. కొన్ని రోజులు బాగుంటాయి. కొన్ని రోజులు గంజి గిన్నె కూడా కొండలా కనిపిస్తుంది. అబద్ధం రాయకూడదని ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి రాస్తున్నాను. నిన్న మధ్యాహ్నం తినలేదు. సాయంత్రం తిన్నాను.

నాకు ప్రాణం రెండుసార్లు ఇచ్చావు. ఎట్లా తీర్చుకోవాలో తెలియదు.

లిదియా


నారాయణఖేడ్,
10 డిసెంబర్ 1995

బిడ్డ లిదియాకు,

తీర్చుకోవడానికి నేనేం షావుకారినా? అట్లాంటి మాటలు మళ్లీ రాయకు. నేనే వందనం చెప్పాలి. "నాకు భయంగా ఉంది" అని నువ్వు ఒక్క ముక్క రాయకపోతే నేను ఇంకా ఆ పేపరు ముక్క పిల్ల ఎవరా అని ప్రార్థన చేస్తూ కూర్చునేదాన్ని. ఆ ముక్క రాసే ధైర్యం నీకు ఇచ్చినందుకు దేవునికి రోజూ వందనం చెప్తున్నాను.

నా సంగతి చెప్తాను. నువ్వు తింటేనే తింటానని రాద్దామని చాలాసార్లు అనుకున్నాను. నాకు బెదిరించడం బాగా వచ్చు, నీకు తెలుసు. డాక్టరమ్మ మాట గుర్తొచ్చి ఆగాను. నా రొట్టెను నీ మెడకు కట్టను. నువ్వు తిన్నా తినకపోయినా నేను తింటున్నాను. మొగులప్పను అడుగు కావాలంటే.

ఇప్పుడు అసలు సంగతి. ఈస్టర్ తర్వాత నీ పేరు మీద నింపిన గురిగి అట్లనే ఉంది. దసరా దాకా వేశాను కదా, ఒక గురిగి చాలక ఇంకొకటి పెట్టాను. ఏం చేయాలో తోచక అయ్యగారి దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పాను. కూటంలో అంత గొప్పగా చెప్పుకున్నదాన్ని, తల ఎట్లా ఎత్తాలో తెలియలేదు. ఆయన, "హన్నమ్మా, గివి దేవుడు అడిగిన జొన్నలు కావు. ఆ పిల్ల నోటికాడికెళ్లి పోయినయి. ఆ పిల్లకే ఇయ్యి" అన్నాడు.

అందుకే పురుగు పట్టినవి ఏరి, ఎండబెట్టి, గిర్నిలో పట్టించాను. కండక్టర్ చేతికి పిండి పంపుతున్నాను. బీదవాళ్లది కాదు, దేవునిది కాదు, నీది. ఒక్కరోజే తినమని కాదు. ఎప్పుడు చేతనైతే అప్పుడు ఒక రొట్టె చేసుకో. అయిందో లేదో నేను అడగను. చలికాలం కాబట్టి పాడుకాదు.

మొదటి రొట్టె విరిగితే ఏడవకు. నీ చేతికి జొన్నపిండి అలవాటు తప్పి ఉంటుంది. వేడినీళ్లు పోసి బాగా మర్దించు.

పెద్దమ్మ


హైదరాబాద్,
18 ఫిబ్రవరి 1996

పెద్దమ్మకు వందనాలు.

నువ్వు అడగనన్నావు, నిజంగానే అడగలేదు. క్రిస్మస్ కార్డులో లేదు, జనవరి ఉత్తరంలో లేదు. ఎంత కష్టమైందో నేను ఊహించగలను. కండక్టర్ అన్న మాత్రం వచ్చినప్పుడల్లా "మీ పెద్దమ్మ ఏమన్న చెప్పుమన్నదని కాదు గని, మంచిగున్నవా?" అని అడుగుతున్నాడు.

పిండి చాలా రోజులు అలమారలో అట్లనే ఉంది. మూట విప్పాలంటే భయం. ఒక ఆదివారం హాస్టల్ వంటామె సెలవు పెట్టింది. పొయ్యి ఖాళీగా ఉంది. వేడినీళ్లు పోసి కలిపాను. మొదటి రొట్టె విరిగింది. నువ్వు ఏడవొద్దన్నావు కానీ ఏడ్చాను. విరిగిన ముక్కలే పుంటికూరతో తిన్నాను. సగం తిన్నాను. అద్దం దగ్గరికి పోవాలనిపించింది. పోలేదు, నీ పసుపు డ్రెస్సు తీసి పక్కల నేను పట్టిన కుట్లు విప్పుతూ కూర్చున్నాను. నువ్వు కుట్టిన కొలతే సరైంది. నా ఒళ్లు నాకంటే నీకే బాగా గుర్తుంది.

తర్వాత వారం గుండ్రంగా వచ్చింది. హాస్టల్ పిల్లలు వాసనకు వచ్చి చుట్టూ కూర్చున్నారు. నా పక్క మంచం గోడకు వారపత్రిక ముక్క అంటించిన పిల్లే మొదట చెయ్యి చాపింది. నేను తింటుంటే ఎవరూ చూడలేదు, అందరి చూపూ రొట్టె మీదే ఉంది. అట్లా తినడం ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఇంకా పూర్తిగా నయం కాలేదు. డాక్టరమ్మ కూడా అదే అన్నది, తొందర లేదన్నది. శ్రమకాలం మళ్లీ వస్తున్నదని మొన్న ఆమెకు చెప్పి, ఉపవాసం ఉండవచ్చా అని అడిగాను. వద్దన్నది. నాకు బాధ కలగలేదు, ఊపిరి తేలికైంది.

నీకు ఎన్ని వందనాలు చెప్పినా తక్కువే. షావుకారివి కాదన్నావు కాబట్టి తీర్చుకోను. ఊరికే ఉంచుకుంటాను.

పిండి అయిపోయింది పెద్దమ్మా. ఇంకా పంపు.

నీ
లిదియా